కంబైండ్ మార్చాక లైటు ఆరడం లేదు, కరెంటు పోతే ఇన్వర్టర్ టకటకమంటోంది

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మాది పాత ఇల్లు. బెడ్‌రూమ్ బోర్డులో ఒక కంబైండ్ ఉండేది, అదే, స్విచ్చూ సాకెట్టూ ఒకే ముక్కలో వస్తాయే, అది. సాకెట్ లూజైపోయి ఛార్జర్ పెడితే కిందికి వేలాడేది, చిటపటమని శబ్దం, కుడివైపు కన్నం చుట్టూ ప్లాస్టిక్ మాడి నల్లబడింది. మా వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే షాపు నుంచి అలాంటిదే కొత్తది తెచ్చాడు. పాతదాంట్లో ఏ వైరు ఎక్కడుందో చూసుకుని కొత్తదాంట్లో అచ్చం అక్కడే బిగించి, ఛార్జర్ పెట్టి చూపించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం చూస్తే తమాషా మొదలైంది. ఆ కంబైండ్ మీదున్న స్విచ్ గదిలో ట్యూబ్‌లైట్‌ది. ఇప్పుడు స్విచ్ ఆపినా లైటు ఆరడం లేదు. సరే, వైరు ఏదో అటుదిటు అయింది, రేపు చూద్దాం అనుకుంటే రాత్రి కరెంటు పోయింది. అప్పుడు స్విచ్ ఆన్‌లో ఉంది. ఇన్వర్టర్ టకటకటకమని కొట్టుకుంటూ, ఇంట్లో లైట్లన్నీ వెలిగి ఆరి వెలిగి ఆరి, మధ్యలో ఫ్రిజ్ ఒకసారి గుర్‌మని, చివరికి ఓవర్‌లోడ్ అని ఎర్ర లైటు వేసి కూతపెట్టి ఆగిపోయింది. మా ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ లైను లేనే లేదు! స్విచ్ ఆపి ఉంచితే మాత్రం కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బాగానే పనిచేస్తోంది, ఈ ట్యూబ్‌లైట్ ఒక్కటే ఆరిపోతోంది.

ఆ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే "ఇన్వర్టర్ పాతదైంది, బోర్డు పోయుంటుంది, కొత్తది చూసుకోండి" అంటున్నాడు. కంబైండ్‌లోకి వచ్చే వైర్లు ఇవి: ఎర్రవి రెండు, పసుపు ఒకటి, నలుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి. నిజంగా ఇన్వర్టర్ పోయిందా? వేల రూపాయల వ్యవహారం కదా, అందుకే అడుగుతున్నా.

చక్రధారి99:

స్విచ్‌ని ఫేజ్‌లో, అంటే కరెంటు వచ్చే వైరులో కాకుండా న్యూట్రల్‌లో, అంటే తిరిగిపోయే వైరులో ఇచ్చుంటాడు బ్రదర్. మా ఇంట్లోనూ ఇంతే, స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ బల్బు మిణుకుమిణుకుమంటూ ఉండేది. రెండు వైర్లు అటూ ఇటూ మార్పించండి, సరిపోతుంది. ఇన్వర్టర్ సంగతి వేరే అయ్యుంటుంది.

బోర్డుబాబాయ్:

గోదారిగట్టు గారూ, ముందు ఆ స్విచ్ ఆపేసి ఎవరూ నొక్కకుండా దాని మీద టేపు వేయండి, ఆ సాకెట్‌లో ఏమీ పెట్టకండి. తర్వాత తీరిగ్గా చదవండి. ఇన్వర్టర్ ఇంకా పోలేదు, ఇలాగే వదిలేస్తే మాత్రం పోతుంది.

చక్రధారి తమ్ముడూ, న్యూట్రల్‌లో స్విచ్ ఉంటే లైటు మిణుకుమంటుందే గానీ నిండుగా వెలగదు, ఫ్రిజ్ ఆన్ కాదు. ఇది వేరు కథ. నేను కరీంనగర్‌లో వైరింగ్ పనే చేస్తాను, ఇన్వర్టర్లు ఇళ్ళలోకి వచ్చినప్పటి నుంచి ఇలాంటి బోర్డులు చూస్తూనే ఉన్నా.

ఆ రెండు ఎర్ర వైర్లలో ఒకటి మెయిన్ లైను, ఇంకోటి ఇన్వర్టర్ నుంచి వచ్చే లైను. ఇల్లు కట్టినప్పుడు ఒకటే ఉండి ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఇన్వర్టర్ పెట్టినప్పుడు ట్యూబ్‌లైట్‌ని దాని మీదకి మార్చి, సాకెట్‌ని మాత్రం మెయిన్ మీదే ఉంచారు, సాకెట్‌లో ఐరన్ బాక్సు పెడితే బ్యాటరీ లాగేస్తుందని. అంటే ఒకే ముక్కలోకి రెండు లైన్లు వచ్చాయి: స్విచ్‌లోకి ఇన్వర్టర్ ఫేజ్, స్విచ్ అవతల నుంచి పసుపు వైరు లైటుకి, సాకెట్‌లోకి నేరుగా మెయిన్ ఫేజ్. అప్పటి మనిషి పని తెలిసినవాడే, ఎందుకంటే కంబైండ్ వెనక స్విచ్ అవుట్‌కీ సాకెట్ ఫేజ్‌కీ మధ్య చిన్న ఇత్తడి పట్టీ ఉంటుంది, ఆయన దాన్ని తీసేసి బిగించాడు. ఆ పట్టీ ఎందుకంటే, మామూలుగా కంబైండ్‌లో ఆ స్విచ్ ఆ సాకెట్‌దే కదా, బయట వైరు లూపు వేసే పని లేకుండా కంపెనీ లోపలే కలిపి ఇస్తుంది. కొన్ని మోడళ్ళలో పట్టీ ఉండదు, మనమే చిన్న వైరు ముక్క వేసుకోవాలి. కొన్నిట్లో పట్టీ పైకి కనపడదు, ప్లాస్టిక్ లోపలే ఉంటుంది.

మీ కొత్తదాంట్లో ఆ పట్టీ ఉంది. మీ ఎలక్ట్రీషియన్ వైర్లు అక్కడివక్కడే పెట్టాడు, అందులో తప్పు పట్టడానికి లేదు, ముక్క వెనక మాత్రం చూడలేదు. ఇప్పుడు మీరు చెప్పినవన్నీ వరసగా సరిపోతాయి చూడండి. స్విచ్ ఆపినా లైటు ఎందుకు వెలుగుతోంది? సాకెట్‌కి వచ్చిన మెయిన్ కరెంటు పట్టీ మీదుగా పసుపు వైరులోకి పోతోంది, స్విచ్‌తో దానికి పనే లేదు. స్విచ్ ఆపి ఉన్నప్పుడు కరెంటు పోతే లైటెందుకు ఆరుతోంది? మెయిన్ చచ్చిపోయింది, ఇన్వర్టర్ వైపు స్విచ్ తెరిచి ఉంది కాబట్టి. స్విచ్ ఆన్‌లో ఉండగా కరెంటు పోతే మాత్రం ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు స్విచ్ దాటి, పట్టీ దాటి, మీ ఇంటి మెయిన్ లైనులోకి వెనక్కి పారుతుంది. అందుకే ఫ్రిజ్ గుర్‌మంది. పైగా ఇన్వర్టర్ ఇన్‌పుట్ కూడా ఆ మెయిన్ మీదే ఉంది కదా, తను పంపిన కరెంటు తనకే తిరిగొచ్చేసరికి "కరెంటు వచ్చింది" అనుకుని బ్యాకప్ ఆపేస్తుంది, ఆపగానే కరెంటు పోయిందనుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ టకటకలు లోపలి రిలేవి, అంటే కరెంటుకీ బ్యాటరీకీ మధ్య దానంతటదే మారే స్విచ్‌వి. కుక్క తన తోక వెంట తిరిగినట్టే.

ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, ఇన్వర్టర్ నడుస్తున్న క్షణంలో అసలు కరెంటు వస్తే రెండూ ఎదురెదురుగా కలుస్తాయి, అప్పుడు లోపల మోస్‌ఫెట్లు, అంటే ఇన్వర్టర్‌ని నడిపించే ట్రాన్సిస్టర్లు, ఢామ్మంటాయి. రెండోది ఇంకా పెద్దది, ఆ వెనక్కి పారిన కరెంటు మీ మీటర్ దాటి వీధి లైనులోకి వెళ్తుంది. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కినవాడి సంగతి ఆలోచించండి. ఇంటి లోడూ వీధి లోడూ మీద పడి ఓవర్‌లోడ్‌తో ఆగిపోయింది కాబట్టి సరిపోయింది.

గోదారిగట్టు:

బాబాయ్ గారూ, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. స్విచ్ మీద టేపు వేసేశాను. పాత ముక్క చెత్తబుట్టలోనే ఉంటే తీసి చూశాను, మీరన్నట్టే రెండు స్క్రూల మధ్య పట్టీ ఉండాల్సిన గాడి ఖాళీగా ఉంది! ఇంకో ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాను కానీ, వచ్చినాయనకి ఏం చెప్పాలి? పట్టీ తీసేయమంటే చాలా? మెయిన్ ఆపితే ఆ బోర్డులో కరెంటు ఉండదు కదా?

బోర్డుబాబాయ్:

ఆ చివరి ప్రశ్న దగ్గరే చాలామందికి షాక్ కొడుతుంది. మెయిన్ ఎమ్‌సీబీ ఆపగానే ఇన్వర్టర్ కరెంటు పోయిందనుకుని బ్యాకప్ మొదలుపెడుతుంది, అంటే మీరు మెయిన్ ఆపిన మరుక్షణం ఆ రెండో ఎర్ర వైరులో 230 వోల్టులు మళ్ళీ సిద్ధం. పోనీ ఇన్వర్టర్ ముందున్న బటన్ ఒక్కటే ఆపారనుకోండి, చాలావాటిలో దాంతో బ్యాకప్ ఆగుతుందే తప్ప కరెంటు ఉన్నంతసేపూ అది లోపలినుంచి నేరుగా అవతలికి పోతూనే ఉంటుంది. కాబట్టి రెండూ ఆపాలి: మెయిన్ ఎమ్‌సీబీ కిందికి, ఇన్వర్టర్ బటన్ ఆఫ్, వీలైతే ఇన్వర్టర్ ప్లగ్ కూడా పీకేయాలి. ఆ తర్వాత ప్రతి వైరూ చూడాలి. టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతోందని ఖాయం చేసుకున్నాకే నమ్మాలి, లోపలి చిన్న నియాన్ దీపం పోయిన టెస్టర్ చచ్చిన వైరుకీ బతికిన వైరుకీ ఒకటే సమాధానం చెబుతుంది. నేనైతే టెస్ట్ ల్యాంప్ కూడా వాడతాను, హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి బల్బు పెట్టుకోవడమే. ఒక కొస ఎర్త్‌కి మాత్రం పెట్టొద్దు, ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో వెంటనే పడిపోతుంది, అది 30 మిల్లీ ఆంపియర్లకే పడేది కదా.

పట్టీ తీస్తే ఇప్పటి జబ్బు నయమవుతుంది. నన్నడిగితే అది వద్దు. ఇంకో ఐదేళ్ళకి ఈ ముక్కా పోతుంది, అప్పుడొచ్చేవాడు కూడా వైర్లు అక్కడివక్కడ పెట్టి వెళ్తాడు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. రెండు లైన్లు ఒకే ముక్కలోకి రాకుండా చేయించండి. కంబైండ్ మొత్తం మెయిన్ మీద ఉండాలి, పట్టీ అలాగే ఉంచి స్విచ్ ఇన్‌లోకి మెయిన్ ఫేజ్ ఇస్తే సాకెట్‌కి ఇన్నాళ్ళూ లేని స్విచ్ కూడా వస్తుంది. ట్యూబ్‌లైట్‌కి పక్కనే విడిగా సింగిల్ స్విచ్, దాంట్లోకి ఇన్వర్టర్ ఫేజ్, అవతల పసుపు వైరు. బోర్డు షీటులో ఖాళీ లేకపోతే చిన్న బాక్సు పక్కన వేస్తారు, పెద్ద ఖర్చు కాదు. ఇన్వర్టర్ వైరు కొసకి నీలం టేపో ఏదో గుర్తు చుట్టించండి, రెండూ ఎర్రగా ఉంటే ఎవరికి తెలుస్తుంది?

సాకెట్ ఎదురుగా నిలబడి, ఎర్త్ పెద్ద కన్నం పైన ఉండేలా చూస్తే ఫేజ్ కుడివైపు రావాలి. బిగించేటప్పుడు వెనకనుంచి చూస్తాం కాబట్టి అటుదిటు అవుతుంది, ముక్క మీద ఎల్, ఎన్ అని రాసుంటుంది, అది చూసి పెట్టమనండి. ఇంకోటి, వచ్చే ఆయనకి వైర్‌మన్ పర్మిట్ ఉందేమో అడగండి, మొహమాటం అక్కర్లేదు.

డాలస్‌తెలుగు:

బాబాయ్ గారు చెప్పిన పట్టీ ఇక్కడ అమెరికాలో కూడా ఉంటుందండీ. ఇక్కడి కాంబినేషన్ స్విచ్‌లలో ఒక పక్క రెండు స్క్రూలని కలుపుతూ చిన్న ఇత్తడి ట్యాబ్ ఉంటుంది, రెండిటికీ వేర్వేరు ఫీడ్ వస్తే ప్లయర్‌తో అటూ ఇటూ వంచి విరిచేయాలి. విరవకపోతే మీ ఇంట్లో జరిగిందే. ఇక్కడి వైరింగ్ నియమాల పుస్తకం ఎన్‌ఈసీ 210.7లో ఇంకో మాట కూడా ఉంది, ఒకే బిగింపు ఫ్రేము మీద ఉండే పరికరానికి రెండు సర్క్యూట్లు వస్తే ఆ రెండూ ఒకేసారి ఆగేలా బ్రేకర్ ఉండాలి. ఒకటి ఆపి రెండోదాంట్లో వేలు పెడతారనే.

సెలవులకి ఇంటికి వచ్చి అమ్మానాన్నల ఇంట్లో స్విచ్‌లు విప్పే నాలాంటివాళ్ళకి ఒక్క మాట. అక్కడ నలుపు న్యూట్రల్, ఇక్కడ నలుపు ఫేజ్, తెలుపు న్యూట్రల్. చేతికి అలవాటైన రంగు చూసి ముట్టుకోకండి, వోల్టేజీ కూడా అక్కడ దాదాపు రెట్టింపు.

పాతమిద్దె:

ఇల్లు ఎంత పాతది? డెబ్బైలు, ఎనభైలనాటిదైతే లోపల అల్యూమినియం వైరు ఉండొచ్చు. కొస తెల్లగా వెండిలా ఉంటే అదే. రెండుమూడుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది, స్క్రూ కింద కొన్నాళ్ళకి దానంతటదే వదులవుతుంది, మీ సాకెట్ మాడడానికి అదీ కారణం కావచ్చు. కొత్త ముక్క బిగించేటప్పుడు మాడిన కొస కత్తిరించి, తాజా కొస తీసి పెట్టమనండి. రాగి, అల్యూమినియం రెండూ నేరుగా మెలేయనివ్వకండి. సాకెట్‌లో ఐరన్ బాక్సు పెడతామంటే 6 ఆంపియర్ల కంబైండ్ మీద దయచేసి వద్దు, దానికి 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగించుకోండి.

గోదారిగట్టు:

రాగి వైరేనండీ, చూశాను. ఇవాళ వేరే ఆయన వచ్చి బాబాయ్ గారు చెప్పినట్టే లైటుకి విడి స్విచ్ వేశారు, ఇన్వర్టర్ వైరుకి నీలం టేపు చుట్టారు. మెయిన్ ఆపి చూశాం, టకటకలు లేవు, ఫ్రిజ్ కిక్కురుమనలేదు. ఒక్కటే మిగిలింది. పనిలో పనిగా ట్యూబ్‌లైట్ తీసి ఎల్‌ఈడీ పెట్టించాను, విడి స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉన్నది వేశారు. స్విచ్ ఆపితే చీకట్లో ఎల్‌ఈడీ సన్నగా మెరుస్తోంది. మళ్ళీ ఏదైనా పట్టీయా?

బోర్డుబాబాయ్:

కాదు, ఈసారి ఇండికేటర్. ఆ ఎర్ర నియాన్ స్విచ్ రెండు కొసల మధ్య ఉంటే, స్విచ్ ఆపినప్పుడు దానిగుండా పోయే పిసరంత కరెంటు ఎల్‌ఈడీలోని కెపాసిటర్‌ని నింపుతూ ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బుకి అది లెక్కలోకి రాదు, ఎల్‌ఈడీకి వస్తుంది. ప్రమాదమేం లేదు. కంటికి ఇబ్బందిగా ఉంటే ఇండికేటర్ లేని మామూలు స్విచ్ వేయించేయండి. అది తీసినా మెరుస్తుంటే అప్పుడు చక్రధారి తమ్ముడి మాట నిజం కావచ్చు, ఫేజ్ స్విచ్‌లోకి వస్తోందా నేరుగా హోల్డర్‌లోకి పోతోందా అని చూడాలి.

చక్రధారి99:

హమ్మయ్య, నాకూ ఒక మార్కు పడింది. మా ఇంట్లో కంబైండ్ వెనక ఏముందో ఈ ఆదివారం చూపించుకోవాలి, మాకూ ఇన్వర్టర్ తర్వాతే పెట్టారు.