గళ్లనుడికట్టు గేమ్‌కు ధర ఎలా పెట్టాలి?

నేనూ మా తమ్ముడూ కలిసి ఫోన్‌లో ఆడే తెలుగు గళ్లనుడికట్టు తయారుచేశాం. ధర దగ్గరే ఆగిపోయాం. ముందే డబ్బు కట్టమంటే దించుకునేవారే ఉండరని అందరూ అంటున్నారు. అలాగని క్యాండీ క్రష్ తరహాలో 5 ప్రాణాలిచ్చి, అవి అయిపోతే ఒక్కోదానికి 30 నిమిషాలు ఆపడం నాకు మనస్కరించడం లేదు. నిలువు 7 నోటిదాకా వచ్చి ఆగినప్పుడు డబ్బు అడగడం అన్యాయం కదా!

2016లో వచ్చిన సూపర్ మారియో రన్‌లో మొదటి కొన్ని దశలు ఉచితం, ఒక్కసారి 9.99 డాలర్లు కడితే మిగతావన్నీ తెరుచుకునేవి. ఆ పద్ధతి మర్యాదగా అనిపించింది. మన పాఠకులకు 99 రూపాయలు ఎక్కువవుతుందా? ఇలా అమ్మినవారు ఎన్ని దశలు ఉచితంగా ఇచ్చారు? ప్రకటనలు కూడా పెడితే కొనేవారు తగ్గారా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.