పదమూడేళ్ల బాబుకి ఎప్పుడూ చిరాకే. వయసా, డిప్రెషనా?

చిన్నోడి అమ్మ:
మా బాబుకి 13 ఏళ్లు. నెలన్నరగా పలకరిస్తే చాలు కస్సుమంటున్నాడు. ప్రాణంగా ఆడే చెస్ బోర్డు ముట్టుకోవడం లేదు. రాత్రి రెండింటిదాకా నిద్రపోడు, పొద్దున లేవలేడు. తలనొప్పంటాడు, కళ్ల పరీక్షలో ఏమీ లేదు. ఏడవడు, బాధగా ఉందనీ అనడు. మావారు ఈ వయసులో అంతే అంటున్నారు. అంతేనంటారా?

ఓ నాన్న:
క్లాస్ టీచర్‌ని అడిగి చూడండి. మా అమ్మాయి తిండి మానేసి ఒక్కతే కూర్చుంటోందని మాకు అలాగే తెలిసింది.

పిల్లల సైకియాట్రిస్ట్:
అమ్మా, నా కళ్లు చెస్ బోర్డు దగ్గరే ఆగాయి. వయసు చిరాకైతే అమ్మానాన్నల మీద చూపిస్తారు, ఇష్టమైన ఆట మీద చూపించరు. పెద్దవాళ్లలో దిగులుగా కనిపించేది ఈ వయసులో చాలాసార్లు కోపంగా, ఒంటినొప్పులుగా బయటపడుతుంది. డిప్రెషన్‌ని నిర్ధారించేటప్పుడు పిల్లల్లో దిగులు బదులు చిరాకునీ లెక్కలోకి తీసుకుంటాం. రెండు వారాలు దాటి, దాదాపు రోజంతా ఇలాగే ఉంటే చూపించాల్సిందే. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఓసారి చూస్తారు.

ఈలోగా 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు.

చిన్నోడి అమ్మ:
మందులు రాస్తారేమో, అలవాటైపోతాయేమోనని భయంగా ఉంది.

పిల్లల సైకియాట్రిస్ట్:
తేలికపాటిదైతే కౌన్సెలింగ్‌తోనే మొదలుపెడతాం. అంతకు మించితే ఎక్కువగా వాడేది ఫ్లూయాక్సిటిన్ అనే డిప్రెషన్ మందు. ఎనిమిదేళ్ల వయసు పిల్లల నుంచే దీనికి అనుమతి ఉంది. 2004లో అమెరికాలో డిప్రెషన్ ఉన్న 439 మంది టీనేజర్ల మీద చేసిన టాడ్స్ అనే అధ్యయనం ఫలితాలు చూడండి: 12 వారాలకి ఈ మందు, సీబీటీ అనే కౌన్సెలింగ్ రెండూ అందిన వాళ్లలో 71 శాతం మంది మెరుగయ్యారు. మందు ఒక్కటే అయితే 61, సీబీటీ ఒక్కటే అయితే 43, ఉత్తుత్తి మాత్రతో 35. ఇది మత్తుమందులా అలవాటు కాదు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట్లో కొద్దిమందిలో ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయి, అందుకే ఆ వారాల్లో తరచూ రమ్మంటాం. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, మీ అంతట మీరు ఆపకూడదు.

చిన్నోడి అమ్మ:
రాత్రి అడిగాను. 'చావాలని లేదు, పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తుంది' అన్నాడు.

పిల్లల సైకియాట్రిస్ట్:
అది చిన్న మాట కాదమ్మా. ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. మాత్రలు, పదునైనవి బీరువాలో పెట్టి తాళం వేయండి, వాణ్ణి ఒంటరిగా వదలకండి. ఏదైనా చేసుకుంటానంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నీకేం తక్కువైందని మాత్రం ఎవరూ అనొద్దు. నాకు చెప్పి మంచి పని చేశావు నాన్నా అనండి. మీవారినీ వెంట తీసుకెళ్లండి, డాక్టర్ చెప్పేది ఆయన కూడా వినాలి.