ఉద్యోగం వదిలి సొంతంగా సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ పని: చేస్తున్నవాళ్లు అనుభవాలు చెప్పండి

మియాపూర్_మెట్రో
14 ఏళ్లుగా హైదరాబాద్‌లో జావా, డేటాబేస్‌ల మీద పని. చివరి 4 ఏళ్లు ఆర్కిటెక్ట్‌ని, అంటే సిస్టమ్ మొత్తం ఎలా కట్టాలో నిర్ణయించే పని. సొంతంగా చేద్దామని గట్టిగా ఉంది. ఇంటి లోన్ ఉంది, పాప ఆరో తరగతి. ఇప్పటికే ఈ దారిలో ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. మొదటి పని ఎలా దొరికింది? డబ్బులు టైముకి వస్తాయా?

కృష్ణ_ఒడ్డు
విజయవాడలో ఉంటాను, 9 ఏళ్లయింది సొంతంగా. మొదటి పని పాత టీమ్‌లో అమ్మాయి ఇప్పించింది. ఆ తర్వాత కూడా నాకు వచ్చిన పనుల్లో ఎక్కువ భాగం, నాతో కలిసి కూర్చుని ప్రొడక్షన్ (నిజంగా వాడుకలో ఉన్న సిస్టమ్) సమస్యలు తేల్చినవాళ్ల ద్వారానే వచ్చాయి. ఫ్రీలాన్స్ సైట్లలో ఆరు నెలలు తిరిగాను, అక్కడ రేటు తప్ప ఇంకేం అడగరు.

ఒకటి వివరంగా చెప్తాను. ఒక రవాణా కంపెనీలో బిల్లింగ్ రోజూ పదింటికి నిలిచిపోయేది. సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టాలని వాళ్లు అప్పటికే నిశ్చయించుకుని నన్ను పిలిచారు. నేను మూడు రోజులు స్లో క్వెరీ లాగ్ (డేటాబేస్‌లో ఎక్కువ సేపు పట్టిన ప్రశ్నల జాబితా) చదివాను. సరిగ్గా పదింటికి ఎవరో పెట్టిన రిపోర్టు లైవ్ డేటాబేస్ మీదే నడుస్తోంది, పైగా అది వెతికే కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి ఉండే సూచిక) లేదు. ఇండెక్స్ వేసి, రిపోర్టుని రెప్లికా, అంటే డేటాబేస్ నకలు మీదికి మార్చాం. సమస్య పోయింది. వాళ్లనుకున్న ఆ ఏడాది పట్టే విడగొట్టే పని అక్కర్లేదని రాసిచ్చాను. గంటల లెక్కన ఒప్పుకున్నాను కాబట్టి మూడు రోజుల డబ్బులే వచ్చాయి. అప్పట్నుంచి ముందు 'పరిశీలన' అని విడిగా, ఒకే మొత్తానికి మాట్లాడుకుంటున్నాను. సగం అడ్వాన్సు. పరిశీలన అయ్యాకే మిగతా పని ఎంతో చెప్తాను.

ఆ కంపెనీ ఇప్పటికీ ఏ పెద్ద మార్పు చేయాలన్నా నన్ను అడిగే చేస్తుంది.

పాత_కోడ్
కృష్ణ గారు చెప్పిన అడ్వాన్సు మాట వంద శాతం నిజం. నాకో క్లయింటు నాలుగు నెలలు ఇన్వాయిస్ డబ్బులు ఆపేశాడు. అప్పుడు తెలిసింది: ఉద్యం (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థకి 45 రోజులు దాటి బాకీ పెట్టకూడదని 2006 ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉంది. ఆలస్యమైతే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. రిజిస్ట్రేషన్ ఉచితం, పని మొదలుపెట్టే ముందే చేసుకో తమ్ముడూ. నేను ఆలస్యంగా మేలుకున్నాను.

ఇంకోటి, కోడ్ ఎవరిది? ఉద్యోగంలో రాసింది మామూలుగా కంపెనీదే. సొంతంగా పనిచేసేవాడు రాసింది, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, సాధారణంగా రాసినవాడిదే. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ చూడు: బదిలీ ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. అమెరికా క్లయింటు లాయర్లు ఈ రెండు వాక్యాల కోసమే ఒప్పందం నాలుగుసార్లు తిరగరాయించారు. నా ఒప్పందంలో 'పూర్తి డబ్బు అందాకే హక్కులు బదిలీ' అని ఉంటుంది. నా పాత లైబ్రరీలు వాడుకునే అనుమతే ఇస్తాను, హక్కు ఇవ్వను.

లెక్కల_పుస్తకం
పన్ను సంగతి క్లుప్తంగా. వృత్తి నిపుణులు ఖర్చుల లెక్క లేకుండా ఆదాయం చూపించే సెక్షన్‌ని 1961 ఆదాయపన్ను చట్టంలో 44ఏడీఏ అనేవాళ్లం, 2025 కొత్త చట్టంలో నంబరు మారింది. రాబడిలో నగదు 5 శాతం దాటకపోతే 75 లక్షల రాబడి దాకా సగాన్నే ఆదాయంగా చూపించొచ్చు. ఇలా చూపించేవాళ్లకి అడ్వాన్స్ టాక్స్ మొత్తం మార్చి 15 లోపు ఒకేసారి. చాలామంది పొరబడేది జీఎస్టీలో: విదేశీ పనికి ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) పెట్టుకుంటే 18 శాతం కట్టక్కర్లేదు కానీ, ఆ మొత్తం జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి ఉన్న 20 లక్షల పరిమితి లెక్కలోకి వస్తుంది. ఎల్‌యూటీ ఏటా కొత్తగా పెట్టాలి.

డాలస్_గోపురం
ఇక్కడ అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లెవరూ పక్కన సొంత కన్సల్టింగ్ మొదలుపెట్టకండి. ఆ వీసా పిటిషన్ వేసిన కంపెనీ పనికే. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను.

తిరిగొచ్చినవాడు
నేను రెండేళ్లు చేసి మళ్లీ ఉద్యోగంలో చేరాను. పని దొరక్క కాదు. ఉద్యోగం వదిలిన రోజే కంపెనీ ఇచ్చిన అమ్మానాన్నల ఇన్సూరెన్స్ కూడా పోయింది. నాన్నకి షుగర్, సొంత పాలసీలో ముందున్న జబ్బులకి ఏళ్ల తరబడి ఆగాలన్నారు. మధ్యలో ఆయనకి స్టెంట్ వేయాల్సి వచ్చింది, దాచుకున్నదంతా ఖర్చయింది. అన్నా, ఉద్యోగంలో ఉండగానే వాళ్లకి విడిగా పాలసీ తీసుకోండి, ఆ ఆగాల్సిన కాలం ఉద్యోగంలోనే గడిచిపోతుంది. ఏడాది ఖర్చులు చేతిలో ఉంచుకోండి. నా దగ్గర నాలుగు నెలలవే ఉన్నాయి.

కృష్ణ_ఒడ్డు
మియాపూర్ గారూ, ఇంకొక అలవాటు. తీసుకున్న ప్రతి పెద్ద నిర్ణయానికీ ఒక పేజీ రాయండి: పరిస్థితి ఏంటి, ఏం ఎంచుకున్నాం, దేన్ని వదులుకున్నాం. సాఫ్ట్‌వేర్ నిపుణుడు మైకేల్ నైగార్డ్ 2011లో చెప్పిన పద్ధతే, కోడ్ పక్కనే రిపాజిటరీలో (కోడ్ దాచే చోట) పెడతాను. మొన్న మూడేళ్ల నాటి క్లయింటు దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి ఫోన్ చేసి, ఇక్కడ క్యూ (పనుల్ని వరసలో ఉంచే భాగం) ఎందుకు పెట్టారండీ అని అడిగాడు. ఏడో నంబరు పేజీ చదవమన్నాను. చదివి, ఇప్పుడు ఆ అవసరం లేదనుకుంటా, తీసేయొచ్చా అన్నాడు. తీసేయమన్నాను.

మియాపూర్_మెట్రో
అందరికీ థాంక్స్. ఈ నెలలోనే అమ్మానాన్నలకి పాలసీ తీసుకుంటాను. రాజీనామా ఇప్పుడే ఇవ్వను, ముందు ఏడాది ఖర్చులు కూడబెడతాను. పాత కోడ్ గారూ, ఒప్పందంలో ఆ హక్కుల పేరా మీరు తెలుగులో అర్థమయ్యేలా ఒకసారి ఇక్కడ పెట్టగలరా?

పాత_కోడ్
ఆదివారం కూర్చుని రాసి పెడతా తమ్ముడూ.