వరదగుడిలో ‘గుడి’ ఏది?

నిన్న మన గ్రూపులో ఒక సభ్యుడు చందమామ చుట్టూ పెద్ద వలయం ఉన్న ఫోటో పెట్టి, “దీన్ని వరదగుడి అంటారట. చంద్రుడికి గుడి ఏంటి?” అని అడిగారు. కింద ఎవరో “పాతకాలపు శకునాలు, వదిలేయండి” అన్నారు. మాది అనంతపురం జిల్లాలో మెట్ట సేద్యం. ఈ మాటను అలా వదిలేయలేను.

ఈ గుడి దేవుడిది కాదు. చిన్నప్పుడు “కకు గుడిస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ” అని వల్లించాం కదా, ఆ గుడి. అక్షరం నెత్తిన చుట్టే గుండ్రటి గీత. చంద్రుడి చుట్టూ పడేదీ అలాంటి గీతే. కడపలో కొన్నేళ్లు ఉన్న బ్రౌన్ దొర తన నిఘంటువులో గుడికి దేవాలయంతో పాటు ఈ అర్థం కూడా ఇచ్చాడు. సంస్కృతంలో పరివేషం అంటారు గానీ, అందులో వాన జాడ లేదు. మన మాటలో వరద ముందే వచ్చి కూర్చుంది.

“దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన” అనేది మా అవ్వ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. పదను, అంటే విత్తడానికి తగ్గ నేల తడి, దాటిపోతే చెనిక్కాయ విత్తనం ఇంట్లోనే ఉండిపోతుంది. అందుకే రాత్రి అన్నాలయ్యాక వాకిట్లో నిలబడి గుడి ఎంత దూరంలో ఉందో చూసేవాళ్లు. అవ్వ చెప్పిన దూరపు గుడి, అంటే ఆ ఫోటోలోని పెద్ద వలయం, చంద్రుడికి 22 డిగ్రీల దూరంలో పడుతుంది. చాలా ఎత్తున పరుచుకున్న పల్చటి మబ్బులో మంచు పలుకులుంటాయి, వాటి గుండా వెలుతురు వంగితే ఆ వలయం కనిపిస్తుంది. వాయుగుండం వచ్చే ముందు చాలాసార్లు అలాంటి మబ్బే ముందుగా కమ్ముతుంది. ప్రతిసారీ వాన పడదు, ఆ సంగతి అవ్వకీ తెలుసు.

శకునం అంటే మొదట్లో పక్షి అనే అర్థం. పిట్ట ఎటు ఎగిరింది, ఎటు పలికింది అని చూసి మంచీ చెడూ చెప్పేవాళ్లు. బల్లి పలకడం, కన్ను అదరడం ఆ లెక్కలోకి వస్తాయి. వరదగుడిని వాటితో కలిపేస్తే ఆకాశాన్ని చదివిన రైతుకు అన్యాయం చేసినట్టే.

ఈ పోస్టు కింద ఒకామె ప్రశ్న, నా జవాబు:

— మాది ఆదోని వైపు అన్నా. మా ఇంట్లో వరదగూడు అంటారు. అది తప్పా?

— తప్పు కాదమ్మా, రెండూ ఉన్నాయి. మీ పెద్దవాళ్లు చంద్రుడు గూడు “కట్టినాడు” అంటారా, “పెట్టినాడు” అంటారా? పగలు సూర్యుడి చుట్టూ పడితే కూడా అదే పేరా? అడిగి రాయి, ఎదురుచూస్తుంటా.