ప్రొవాన్ ట్రిప్: ఎవరెవరు ఏ పని చూస్తారు?

కోఆర్డినేటర్

అందరికీ నమస్కారం. జూన్ మొదటి ఆదివారం మన పారిస్ తెలుగువాళ్లం ప్రొవాన్ అనే పాత కోట ఊరికి వెళ్తున్నాం, ఇక తేదీ మార్చేది లేదు. ఇప్పటికి 46 మంది పేర్లిచ్చారు. అందులో పిల్లలు 11 మంది, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు 8 మంది.

ముందుగా ఒక మాట. ఇది దక్షిణాన ఉన్న ప్రొవాన్స్ కాదు. లావెండర్ తోటలు ఎప్పుడు చూపిస్తారని మొన్న ఒకరు ఫోన్ చేసి మరీ అడిగారు. తోటలు లేవు, గోడ ఉంది. చుట్టూ గోధుమ చేలు, మధ్యలో మిట్ట మీద పాత ఊరు, దాన్ని చుట్టి 12, 13 శతాబ్దాల నాటి కోటగోడ. ఇప్పటికీ ఒక కిలోమీటరు పైచిలుకు నిలబడే ఉంది.

ఈసారి బస్సు పెట్టట్లేదు. పోయినేడు సంగతి మర్చిపోలేదు కదా! కంపెనీ పేరెందుకు గానీ, పొద్దున గంటన్నర ఆలస్యంగా వచ్చి, సాయంత్రం మాత్రం డ్రైవరు డ్యూటీ టైం అయిపోతోందని గిన్నెలు కూడా సర్దుకోనివ్వలేదు. మా ఇంటి పులిహోర బేసిన్ అక్కడే ఉండిపోయింది. రైలే నయం. పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషను నుంచి పి లైను, నేరుగా గంటా ఇరవై అయిదు నిమిషాల ప్రయాణం. ప్రొవాన్ ఆఖరి స్టేషను కాబట్టి నిద్రపోయినా ఫర్లేదు. నావిగో నెల పాస్ ఉన్నవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు. లేనివాళ్లకి కూడా 2025 జనవరి నుంచి ఇల్ ద ఫ్రాన్స్ (పారిస్ చుట్టుపక్కల ప్రాంతం) అంతటా రైలుకి ఒకటే ధర కదా, ఒకవైపుకి రెండున్నర యూరోలకి కాస్త అటూ ఇటూ. ఒక్క జాగ్రత్త: పి లైను కొమ్మలుగా చీలుతుంది. మో వెళ్లేదీ, కులోమియే వెళ్లేదీ పి రైలే. బోర్డు మీద ప్రొవాన్ అని చూసుకునే ఎక్కండి.

కావలసినవాళ్లు: వంటకి అయిదుగురు, పిల్లలకి ముగ్గురు, కారు ఉన్నవాళ్లు ఇద్దరు, రైల్లో తలలు లెక్కపెట్టేవాళ్లు ఒకరు.

వంట టీం అక్క

వంటకి నేనున్నాను. పులిహోర, దద్దోజనం, బంగాళదుంప వేపుడు, చెక్కలు. అంతకన్నా పెట్టుకుంటే మోయలేం. గారెలు అడగొద్దు, చల్లారితే ఎవరూ తినరు, మిగిలినవి నా ఫ్రిజ్‌లో మూడు రోజులుంటాయి. పొయ్యి వెలిగించే ప్రసక్తే లేదు, అన్నీ ఇంట్లోనే. లా షపెల్ ఇండియన్ షాపుల్లో సామాన్లు కొనడానికి శనివారం పొద్దున ఒకరు తోడు వస్తే చాలు. పెరుగన్నం వడ్డించే గంటె ఈసారి ఎవరు తెస్తారో ఇప్పుడే తేల్చండి. పోయినసారి కాగితం కప్పులతో వడ్డించాం.

ఇద్దరు చిన్నపిల్లల అమ్మ

స్ట్రోలర్ తేవచ్చా? స్టేషను నుంచి ఎంత దూరం నడవాలి?

కోఆర్డినేటర్

తేవచ్చు గానీ తిట్టుకుంటారు. స్టేషను కింది ఊళ్లో ఉంది, పై ఊరికి ఇరవై, పాతిక నిమిషాలు, చివర్లో బాగా ఎత్తు, పైగా రాళ్లు పరిచిన వీధులు. చంకలో కట్టుకునే క్యారియర్ ఉంటే అదే మంచిది.

పెద్దవాళ్ల మోకాళ్ల గురించి చాలా ఆలోచించాను. నేను మార్చిలో ఒకసారి వెళ్లి చూసొచ్చా. మనం స్టేషను వైపు నుంచి ఎక్కుతాం గానీ, కారులో వెళ్లేవాళ్లు అవతలి వైపు పోర్త్ సాన్ జాన్ అనే ద్వారం దాకా వెళ్లొచ్చు. అక్కడే టూరిజం ఆఫీసు, పార్కింగ్. గోడలో అందరూ చూడాలనుకునే భాగం సరిగ్గా అక్కడే ఉంది. అంటే ఎక్కలేనివాళ్లకి ఎక్కే పనే లేదు, మనం చెమటలు కక్కుకుంటూ చేరేసరికి వాళ్లు గడ్డి మీద దుప్పటి పరిచి కూర్చుంటారు. అందుకే రెండు కార్లు కావాలన్నది.

ఆ ద్వారంలోకి వెళ్లగానే గబగబా దాటిపోకండి. లోపలి గోడలో నిలువుగా ఒక గాడి ఉంటుంది. ఇనుప కటకటాల తలుపుని పైనుంచి దించేది అందులోనే. చెయ్యి పెట్టి చూస్తే అరచెయ్యి అడ్డంగా పట్టింది, రాయి నున్నగా చల్లగా ఉంది. బయటికొచ్చి గోడ వెంట నడిస్తే బురుజులు ఒకదానిలా ఒకటి లేవు: ఒకటి చదరం, ఒకటి అర్ధచంద్రం, ఒకటి ముక్కులా పొడుచుకొచ్చింది. పిల్లలకి ఇదే ఆట పెట్టొచ్చు, ఎన్ని ఆకారాలు దొరికాయో లెక్క చెప్పమని.

స్టూడెంట్ తమ్ముడు

అన్నా, సీజర్ టవర్ ఎక్కుతామా? నేలమాళిగలు కూడా ఉన్నాయంట. డేగల షో కూడా చూద్దాం.

కోఆర్డినేటర్

మూడూ చూస్తే భోజనం రైల్లోనే. సీజర్ టవర్‌కి జూలియస్ సీజర్‌తో ఏ సంబంధమూ లేదు, 12వ శతాబ్దంలో కట్టింది. మెట్లు బాగా ఇరుకు, పిల్లల్ని ఎత్తుకుని వద్దు. నేలమాళిగల్లోకి గైడు లేకుండా వెళ్లనివ్వరు, ముప్పావుగంట పడుతుంది, లోపల ఎండాకాలంలోనూ 12, 13 డిగ్రీలే, స్వెటర్ తప్పనిసరి. ఒకప్పుడు ఉన్ని బట్ట జిడ్డు వదలగొట్టే మట్టిని అక్కడ తవ్వేవాళ్లట. నా ఓటు ఒకే ఒక్క టికెట్‌కి: కుర్రాళ్లు టవర్ ఎక్కండి, మిగతావాళ్లు గోడ దగ్గరే. చూడ్డానికి వెళ్లి గడియారం చూసుకుంటూ పరుగెత్తడం నాకు పోయినేడే విసుగొచ్చింది.

యానాం బాబాయ్‌గారు

అబ్బాయ్, గోడ గోడ అంటున్నావు, గోడ దేనికోసమో చెప్పవేం? ప్రొవాన్ పేరు మోగింది యుద్ధాలతో కాదు, సంతతో. షాంపేన్ అనే ఈ ప్రాంతపు ప్రభువుల ఏలుబడిలో ఏడాదికి ఆరు పెద్ద సంతలు జరిగేవి. త్రువా, ప్రొవాన్, లాన్యీ, బార్ సుర్ ఓబ్, ఈ నాలుగు ఊళ్లూ వంతులేసుకునేవి. ఒక్కో సంత వారాల తరబడి. ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) వాళ్లు ఉన్ని బట్ట, ఇటలీ వాళ్లు పట్టూ సుగంధద్రవ్యాలూ తెచ్చేవారు. ఆ మిరియాలు మన మలబారువే. అలెగ్జాండ్రియా మీదుగా వెనిస్ చేరి, అక్కణ్ణించి ఆల్ప్స్ దాటి ఇక్కడికొచ్చేవి. పొంగలిలో మిరియం ఏరి పక్కన పెట్టే మన పిల్లలకి ఈ సంగతి చెప్పాలి.

అంత దూరం నుంచి వచ్చే వ్యాపారికి గోడకన్నా ముందు మాట కావాలి. దారిలో మీకేం కాకుండా మాది పూచీ అని షాంపేన్ ప్రభువులు అభయం ఇచ్చేవారు. అప్పు ఎగ్గొట్టినవాడు దొరక్కపోతే, వాడి ఊరివాళ్లనే సంతలోకి రానివ్వమని బెదిరించేవారు కూడా. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1244 ప్రాంతంలో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. గాలివానకి ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాక్కునేవారు, మేం సుంకం తప్ప మరేదీ ముట్టం అని. అప్పుడు ఇక్కడ ఏలుతున్నది నాలుగో తిబో. ఒకరి పేరు ఒకరు విని ఉండరు, ఇద్దరికీ తట్టింది మాత్రం ఒకటే ఉపాయం.

తర్వాత షాంపేన్ ఫ్రాన్స్ రాజుల చేతికి పోయింది, ఇటలీ ఓడలు సముద్రం మీద నేరుగా ఫ్లాండర్స్ వెళ్లసాగాయి, సంతలు చిక్కిపోయాయి. ఊరు పెరగలేదు, పెరగలేదు కాబట్టే పాతది కూలగొట్టుకోలేదు. 2001లో యునెస్కో జాబితాలో చేరింది.

భోజనాలయ్యాక ఇదంతా చెప్పడానికి నాకు పదిహేను నిమిషాలివ్వండి. ఇరవై అయిదు అవుతుంది, అది మీకూ తెలుసు.

ఇద్దరు చిన్నపిల్లల అమ్మ

బాబాయ్‌గారూ, మీ ప్రసంగం అప్పుడు మా వాళ్లు పడుకుంటారు, నాకు రెండు విధాలా సంతోషం. పిల్లల గ్రూపులో నన్ను వేసుకోండి. అక్కడ గులాబీ జామ్ దొరుకుతుందంటే నిజమేనా?

యానాం బాబాయ్‌గారు

నిజమేనమ్మా. ఆ గులాబీని తిబోనే క్రూసేడ్ నుంచి తెచ్చాడని కథ. మన గుల్కంద్ తిన్న నోటికి కాస్త చప్పగా ఉంటుంది. రొట్టెకి రాసుకుంటే బాగుంటుంది, దద్దోజనంలో మాత్రం కలపకండి. పోయినసారి మా ఆవిడ కలిపింది.

కోఆర్డినేటర్

సరే, ఖాయం చేస్తున్నా. పొద్దున 8:15కి గార్ ద లెస్ట్ లోపల, పెద్ద డిస్‌ప్లే బోర్డు కింద. వారాంతాల్లో లైను పనుల పేరుతో రైళ్లు ఆపేస్తుంటారు, శనివారం రాత్రి నేను యాప్ చూసి ఇక్కడ రాస్తా. గోడ పక్కన ఎక్కడ కూర్చోవచ్చో టూరిజం ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతా. చెత్త సంచులు నావి, ఒక్క విస్తరాకు కూడా అక్కడ వదలకూడదు. తలల లెక్క స్టూడెంట్ తమ్ముడిది. ఒక కారు దొరికింది, ఇంకొకటి కావాలి.

వంట టీం అక్క

రెండో కారు మాది, పెట్టుకోండి. బేసిన్లు కూడా అందులోనే వస్తాయి. గంటె సంగతి ఎవరూ మాట్లాడలేదు, నాకు తెలుసు మాట్లాడరని. ఇప్పుడే తీసి సంచిలో పడేశాను.