మొదటి థాంక్స్‌గివింగ్, 14 పౌండ్ల టర్కీ, ఒక్క ఓవెన్

ప్రశ్న:
అందరికీ నమస్కారం. అమెరికాకి కొత్తగా వచ్చాం. థాంక్స్‌గివింగ్‌కి మా ఇంట్లో 12 మందికి భోజనం, అందులో నలుగురు శాకాహారులు. 14 పౌండ్ల ఫ్రోజెన్ టర్కీ కొన్నాం. అపార్ట్‌మెంట్‌లో ఓవెన్ ఒక్కటే. చికెన్‌కి పట్టించినట్టే మసాలా పట్టించి పెట్టేస్తే సరిపోతుందా? సాయంత్రం 5కి వడ్డించాలని ఉంది.

జవాబు:
మసాలా సంగతి తర్వాత అండీ, ముందు దాని గడ్డ వదలాలి. టర్కీ చెడేది ఎక్కువగా అక్కడే. పైన మెత్తబడిందని ఓవెన్‌లో పెట్టేస్తారు, లోపల ఇంకా మంచు ఉంటుంది. తొడ ఉడికేసరికి బ్రెస్ట్ పీచులా ఎండిపోతుంది.

ఫ్రిజ్‌లో అయితే నాలుగైదు పౌండ్లకి ఒక పూర్తి రోజు లెక్క. పండగ గురువారం కాబట్టి ఆదివారం పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి తీసి, కవర్ విప్పకుండా, అంచులున్న ట్రేలో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. నీళ్లు కారతాయి, అవి కూరగాయల మీద పడకూడదు. కాస్త ముందే కరిగినా ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో బాగానే ఉంటుంది. కౌంటర్ మీద మాత్రం వదిలేయకండి. లోపల మంచు కరిగేలోపు పైన మాంసం పాడవడం మొదలవుతుంది.

బుధవారం చెయ్యి పెట్టి చూస్తే లోపల ఇంకా గట్టిగా తగిలిందా? గురువారం తెల్లవారుజామున కవర్‌తోనే చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. పూర్తిగా గడ్డకట్టింది అయితే పౌండుకి అరగంట పడుతుంది, సగం కరిగిందానికి అంత అక్కర్లేదు. ఇలా నీళ్లలో కరిగించిందాన్ని వెంటనే వండేయాలి.

కవర్ విప్పాక రెండు చివర్లా చెయ్యి పెట్టి వెతకండి. ఒకవైపు మెడ, ఇంకోవైపు చిన్న సంచిలో కార్జం, కందనకాయ, గుండెకాయ ఉంటాయి. కొత్తవాళ్లు ఒకటి తీసేసి రెండోది మర్చిపోతారు. టర్కీని కడగొద్దు. సింక్ చుట్టూ చింది బాక్టీరియా గిన్నెలకి అంటుకుంటుంది. పేపర్ టవల్‌తో పొడిగా అద్దితే చాలు.

ఉప్పు వేసేముందు లేబుల్ చదవండి. చాలా ఫ్రోజెన్ టర్కీలకి ముందే ఉప్పునీళ్లు ఎక్కించి ఉంటారు, ఎంత శాతమో దాని మీదే రాస్తారు. అలాంటిదైతే మళ్లీ ఉప్పులో నానబెట్టకండి, మసాలాలో కూడా ఉప్పు వేయకండి.

మసాలాకి పెరుగు వద్దు. చర్మం కరకరలాడదు, మూడు గంటల వేడికి పైన నల్లబడుతుంది. ఒక స్టిక్ (సుమారు 113 గ్రాములు) ఉప్పులేని వెన్న మెత్తబరిచి, 3 టేబుల్ స్పూన్ల అల్లంవెల్లుల్లి ముద్ద, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల కారం, రెండేసి టీస్పూన్ల ధనియాల పొడి, గరం మసాలా, ఒక టీస్పూన్ మిరియాల పొడి కలపండి. బ్రెస్ట్ మీది చర్మం కింద వేళ్లు పోనిచ్చి, చిరగకుండా మెల్లగా వదులు చేసి, ముద్దలో ముప్పాతిక భాగం ఆ లోపల మాంసానికి పట్టించండి. చర్మం పైన రాసిన కారం లోపలికి దిగదు, మాడుతుంది. గడ్డ పూర్తిగా వదిలి ఉంటే బుధవారం సాయంత్రమే పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచితే చర్మం ఆరి బాగా వేగుతుంది.

ఓవెన్ 325 ఫారెన్‌హీట్, అంటే 163 సెల్సియస్. కింది ర్యాక్. లోపల ఏమీ కూరకుండా అయితే 3 నుంచి 3 ముప్పావు గంటలు. ట్రేలో రెండు కప్పుల నీళ్లు పోయండి. వేడి ట్రేలో వెన్న కారి పొగ వస్తే స్మోక్ అలారం మోగుతుంది. పలచటి ఫాయిల్ ట్రే కొని ఉంటే దాని కింద బేకింగ్ షీట్ పెట్టి తీరాలి, లేకపోతే ఎత్తేటప్పుడు మడతపడి వేడి కొవ్వు ఒలుకుతుంది. రెండు గంటలకి పైన ఎర్రబడితే బ్రెస్ట్ మీద ఫాయిల్ కప్పండి.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. థర్మామీటర్ కొనండి, ఈ వంటలో తప్పనిసరి ఖర్చు అదొక్కటే. తొడ లోపలి భాగం, బ్రెస్ట్ మందంగా ఉన్నచోటు, రెక్క మొదలు, మూడు చోట్లా 165 ఫారెన్‌హీట్ చూపించాలి. ఎముకకి తగిలితే లెక్క తప్పుతుంది. ఉడికిందని చూపడానికి కొన్నిటికి గుచ్చి ఉండే ప్లాస్టిక్ పుల్ల పైకి లేచినా దాన్ని నమ్ముకోవద్దు.

ఇంకొకరి జవాబు:
పైన చెప్పినవన్నీ సరైనవే. ఒక్క ఓవెన్ అన్నారు కాబట్టి టైము గురించి. మధ్యాహ్నం 12కి టర్కీ లోపల పెట్టండి, రెండుముప్పావు నుంచి థర్మామీటర్‌తో చూడండి. తీశాక అరగంటైనా కదపకుండా ఉంచాలి, వెంటనే కోస్తే రసమంతా పలకమీదకి పోతుంది. సైడ్ డిష్‌లు ఓవెన్‌లో వేడిచేసుకునేది ఆ ఖాళీలోనే, అందుకే వాటిని ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. మాష్‌డ్ పొటాటోకి 12 మందికి 5 పౌండ్ల బంగాళాదుంపలు చాలు. పులిహోర, పప్పు స్టవ్ మీద అయిపోతాయి.

శాకాహారుల విషయంలో లేబుళ్లు చూడండి. మార్ష్‌మాలోలో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉంటుంది, చిలగడదుంప క్యాసరోల్ మీద వేసేది అదే. డబ్బా స్టఫింగ్‌లో (టర్కీతో తినే బ్రెడ్ ముక్కల వంటకం) చికెన్ బ్రాత్ ఉండొచ్చు, యాపిల్ పై లాంటి 'పై'ల (pie) పిండిలో పందికొవ్వు ఉండొచ్చు. వాళ్ల గ్రేవీ, గరిటెలు వేరుగా పెట్టండి.

మరొకరు:
మిగిలిన మాంసం వండిన రెండు గంటల్లోపే ఎముకల నుంచి విడదీసి, లోతులేని డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద ముక్కగా పెడితే మధ్యలో తొందరగా చల్లబడదు. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, లేదా ఫ్రీజ్ చేయాలి. ఎముకలు మూడు గంటలు మరిగిస్తే చారుకి పనికొచ్చే రుచైన ఎముకల రసం వస్తుంది. ట్రేలోని కొవ్వు సింక్‌లో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. ఖాళీ డబ్బాలో పోసి, పేరుకున్నాక చెత్తలో వేయండి. బంగాళాదుంప తొక్కలు కూడా డిస్పోజల్‌లో (సింక్ కింద ఉండే చెత్త రుబ్బే మిషన్) వేయొద్దు.