పాప సాకర్ టీమ్‌కి వాలంటీర్ కోచ్‌గా ఒప్పుకున్నాను. పేరెంట్స్‌ని సాయం ఎలా అడగాలి?

శనివారం_నాన్న (డాలస్ దగ్గర):
అందరికీ నమస్కారం. కోచ్ దొరక్కపోతే టీమ్ ఉండదన్నారని ఒప్పుకున్నాను. నెల్లూరులో పెరిగినవాణ్ణి, క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. ఎనిమిది మంది పిల్లలు, అందరూ ఏడేళ్లవాళ్లే. బుధవారం ప్రాక్టీసు, శనివారం మ్యాచ్. మిగతావాళ్లు పిల్లల్ని దింపేసి వెళ్లిపోతున్నారు. గోల్ నెట్లు కట్టడం దగ్గర్నుంచి లేసులు కట్టడం దాకా నేనొక్కణ్ణే. మీరు ఎలా అడిగారు?

నాలుగో_సీజన్:
అన్నా, గ్రూపులో 'ఎవరైనా సాయం చేస్తారా' అని పెడితే ఎవరూ పలకరు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఒక్క పనే అడగండి. మెసేజ్‌లు, స్నాక్ లిస్టు ఒకరికి. నెట్లు, కోన్‌లు ఇంకొకరికి. మ్యాచ్‌లో ఎవరు ఎంతసేపు ఆడారో రాసే పని మరొకరికి. ఈ మూడోది చాలా ముఖ్యం. ఏ.వై.ఎస్.ఓ. (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) లాంటి పిల్లల లీగ్‌లలో ప్రతి పిల్లా కనీసం సగం మ్యాచ్ ఆడాలి. 'మావాణ్ణి కూర్చోబెట్టారు' అన్న మాట వచ్చినప్పుడు ఆ కాగితమే జవాబు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
నేను కోచ్‌ని కాదు, గట్టు మీద నుంచి అరిచిన అమ్మని. 'కొట్టు, పాస్ ఇవ్వు' అని మ్యాచ్ అంతా అరిచేదాన్ని. కార్లో మా అమ్మాయి అడిగింది: 'నువ్వొకటి, కోచ్ ఒకటి చెప్తే నేను ఎవరి మాట వినాలి?' ఆ రోజు నుంచి చప్పట్లు మాత్రమే. ఇంకో మాట. మనలో చాలామందికి ఈ ఆట రూల్స్ తెలియవు. ఈ వయసులో నలుగురు నలుగురే ఆడతారు, గోల్‌కీపర్ ఉండడు. పదేళ్లు, అంతకు తక్కువ వయసువాళ్లు తలతో బంతి కొట్టకూడదని అమెరికా సాకర్ సమాఖ్య యూఎస్ సాకర్ 2015లోనే చెప్పింది. ఇవన్నీ మొదటి రోజే చెప్పండి. నేనైతే గోల్‌లో ఎవరినీ పెట్టలేదేమని కోచ్‌తో గొడవపడ్డాను. పాపం, ఆయన ఓపిగ్గా విన్నారు.

న్యూజెర్సీ_రాత్రిడ్యూటీ:
చిన్న అభ్యంతరం అండి. నేను నర్సుని, శనివారం పొద్దున డ్యూటీ దిగి నేరుగా వస్తాను. దింపేసి వెళ్లేవాళ్లందరికీ పట్టింపు లేదనుకోకండి. గ్రౌండ్‌లో చేయలేని పని బదులు ఇంట్లో చేసేది ఇస్తే సంతోషంగా చేస్తాను. మా కోచ్ జెర్సీ నంబర్ల లిస్టు, సీజన్ చివర ఫోటోల పని నాకిచ్చారు.

నాలుగో_సీజన్:
నిజమే, ఆ మాట నేను రాయాల్సింది. కానీ ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు ఇవ్వకండి: ఆట అయ్యాక టైముకి వచ్చి పిల్లల్ని తీసుకెళ్లడం. కోచ్ ఒక పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదు, రెండో పెద్దమనిషి ఉండాలి. నిరుడు ఒక తండ్రి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. చీకటి పడుతుంటే ఆ పిల్లాడు ఏడుపు, నాకు టెన్షన్. ఇంకో అమ్మ పసిబిడ్డని ఎత్తుకుని మాతోపాటు నిలబడింది. ఆవిడ ఆ సాయంత్రం నాకు చేసినది మర్చిపోలేను.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
ఫిర్యాదు ఏదైనా ఉంటే మ్యాచ్ అయ్యాక ఒక రోజు ఆగి ఫోన్లో మాట్లాడుకుందాం అని ముందే చెప్పండి. పిల్లల ఎదుట మాత్రం వద్దు.

శనివారం_నాన్న:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ఏడుగురికి ఫోన్ చేశాను, అయిదుగురు ఒప్పుకున్నారు. ఒక పాప తాతయ్య గుంటూరు నుంచి వచ్చారు, బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యారట. ఇంగ్లీషు అంతగా రాదు. నిన్న నాకంటే ముందే వచ్చి కోన్‌లు వరుసగా పెట్టి ఉంచారు. రెండేళ్ల తర్వాత మళ్లీ గ్రౌండ్‌లో నిలబడ్డానని చెప్పి, బుధవారం ఎన్నింటికి రావాలో అడిగారు.